వినడానికి భక్తి కావాలా?

రాముడున్నాడని నమ్మనివాడు త్యాగరాజును వినగలడా?

వినడం అంటే చెవిన పడడం గురించి కాదు నేను అడుగుతున్నది. పాట లోపలికి దిగి మనిషిని కాసేపు కదలనివ్వకుండా కూర్చోబెట్టడం గురించి. ఈ ప్రశ్న మీద మా ఇంట్లో ఏళ్ల తరబడి వాదన నడిచింది, ఇంకా నడుస్తూనే ఉంది. ఒకవైపు మా మేనమామ కొడుకు, నాకు బావ. విజయవాడలో పుట్టి పెరిగినవాడు. ఆ ఊళ్లో ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ ఉంది, బెంజి సర్కిల్ దగ్గర గోరాగారి నాస్తిక కేంద్రం ఉంది. బావ కాలేజీ రోజుల నుంచీ రెండోదానికే వెళ్లేవాడు. పెళ్లి పురోహితుడు లేకుండా చేసుకున్నాడు. అయినా ఊళ్లో పాటకచేరీ అంటే చాలు, అందరికంటే ముందు వెళ్లి మృదంగం కనిపించే చోటు చూసుకుని కూర్చుంటాడు. రెండోవైపు అత్తయ్య, అంటే వాళ్లమ్మే. “నీకు ఆ రాముడే అక్కర్లేనప్పుడు ఆయన పాట నీకెందుకురా?” అనేది ఆమె ప్రశ్న.

అత్తయ్య దగ్గర గట్టి సాక్ష్యమే ఉండేది. భక్తి లేని సంగీత జ్ఞానం మంచిదారి కాదని త్యాగరాజస్వామి ధన్యాసిలో ‘సంగీత జ్ఞానము’ కీర్తనలో తేల్చి చెప్పాడు. ఇంక వాదన ఏముంది అనేది అత్తయ్య. బావ ఆందోళిక రాగంలోని ‘రాగసుధారస’ అందుకునేవాడు. రాగమనే అమృతం తాగితే చాలు, యాగం, యోగం, త్యాగం, భోగం అన్నిటి ఫలమూ దొరుకుతుందని అదే త్యాగరాజు అక్కడ తన మనసుకు చెప్పుకున్నాడు. పైగా యాజ్ఞవల్క్య స్మృతి ఒకటి తెచ్చేవాడు. వీణ వాయించడంలోని తత్త్వం తెలిసి, శ్రుతులూ జాతులూ ఎరిగి, తాళం తెలిసినవాడికి శ్రమ లేకుండానే మోక్షమార్గం దొరుకుతుందని అందులో ఒక శ్లోకం ఉంది. “ఆ శ్లోకంలో భక్తి అనే మాట ఎక్కడుందో చూపించమ్మా” అని అత్తయ్యను అడిగేవాడు. సారమతిలోని ‘మోక్షము గలదా’ మాత్రం ఇద్దరికీ పూర్తిగా చిక్కదు. అక్కడ త్యాగరాజు భక్తినీ సంగీత జ్ఞానాన్నీ పక్కపక్కన నిలబెట్టి, ఈ రెండూ లేనివాళ్లకు మోక్షం ఉందా అని అడిగాడు. ఒకదాన్ని తీసి రెండోదాన్ని ఉంచుకోవడానికి వీల్లేకుండా అడిగాడు.

నేను ఎటు? నేను గుడికి వెళ్లే మనిషిని. మా నాన్న ఊరి గుళ్లో డోలు వాయించేవారు. కుడిచేతి వేళ్లకు తొడుగులు, ఎడమచేతిలో చిన్న కర్ర. తెల్లవారుజామున సన్నాయి మీద భూపాలం, రాత్రి పవళింపు సేవకు నీలాంబరి. సంగీతం నాకు అలా గంటల మధ్య, హారతి కర్పూరం వాసన మధ్య వచ్చింది. కాబట్టి అత్తయ్య పక్షాన ఉండాల్సినదాన్ని. కానీ గుడిలోనే పుట్టి పెరిగినందువల్ల ఒకటి చూశాను. ధ్వజస్తంభం దగ్గర సన్నాయి ఆయన ప్రాణం పెట్టి తోడి వాయిస్తుంటే, దేవుడి మీద ఎంతో భక్తి ఉన్నవాళ్లు ఆయన పక్కనుంచే గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోయేవారు. వాళ్ల భక్తి అబద్ధమని నేననను. ఆ భక్తి వాళ్ల చెవిని తెరవలేదు, అంతే. అందుకని ఈ ప్రశ్న నాకు అంత సులువుగా తేలలేదు.

దాన్ని నాకు తేల్చింది, తేల్చినంతవరకు, ఒక కచేరీ.

విజయవాడలో శ్రీరామనవమి పందిళ్లు నడిచే రోజులు. పగలంతా కాగిన తారురోడ్డు మీద తాటాకు పందిరి. గంగాళంలో పానకం, పొన్నాకుల దొన్నెల్లో వడపప్పు. ఆ సాయంత్రం గాయకుడు పెద్దాయన, పెద్ద పేరున్నవాడేం కాదు. ఎక్కడినుంచో బస్సులో వచ్చాడు, గొంతు పట్టేసింది. వర్ణంలో తారషడ్జం అందుకోబోయి వదిలేశాడు. తర్వాతి కీర్తనలో మళ్లీ వదిలేశాడు. వెనక కుర్చీల్లో జనం లేవడం మొదలుపెట్టారు. ఆయన అదంతా చూశాడు. శ్రుతిపెట్టె కాస్త దగ్గరికి జరుపుకుని సహానా ఎత్తుకున్నాడు.

సహానా గొంతు చించుకుని పాడే రాగం కాదు. పై స్థాయికి పోకుండా, మంద్రం నుంచి మధ్యస్థాయి దాకా ఉన్న కొద్దిపాటి చోటులోనే ఆయన తిరిగాడు. రిషభం మీద నిలబడేవాడు. గాంధారాన్ని తాకీ తాకనట్టు తాకి మళ్లీ అక్కడికే వచ్చేవాడు. ఆ బొంగురు గొంతులో రిషభం కొంచెం వణికింది. ఆ వణుకు గమకమో గొంతు నొప్పో చెప్పలేం. వయొలిన్ ఆయన కమాను ఒత్తిడి తగ్గించి, పెద్దాయన వదిలిన చోట సన్నటి గీతలా అందుకున్నాడు. ఆ తర్వాత ‘గిరిపై నెలకొన్న’. కొండమీద కొలువైన రాముణ్ని గురితప్పకుండా చూశానని త్యాగరాజు చెప్పుకునే కీర్తన. ఒళ్లు పులకరించి, ఆనందంతో కళ్లు నిండి, మాట్లాడబోయి మాట రానివాడిని పది పూటల్లో కాపాడతానని రాముడు చెప్పాడంటుంది. స్వామి చివరి రోజుల పాట ఇదని పెద్దలు చెప్పుకుంటారు. మృదంగం ఆయన ముక్తాయింపులు మానేసి, ఒట్టి నడక మాత్రం వాయించాడు. వెళ్లిపోతున్నవాళ్లు పందిరి రాట పక్కన నిలబడిపోయారు.

బావ ఏడ్చాడు. కళ్లు చెమర్చడం కాదు, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అత్తయ్య అటే చూస్తూ ఉండిపోయింది, ఏమీ అనలేదు.

తిరిగి వస్తూ బందరు కాలువ గట్టు మీద నడుస్తున్నప్పుడు నేను అడిగాను. “రాముడు కనిపించాడా బావా?”

“రాముడు కాదమ్మాయ్. రాముణ్ని చూసిన ముసలాయన కనిపించాడు.”

ఆ జవాబు నాతో ఉండిపోయింది. మొదట అది తప్పించుకునే మాటలా అనిపించింది. ఆలోచించే కొద్దీ నా భక్తి గురించే అది నాకు ఏదో చెప్తున్నట్టు తోచింది. నేనెప్పుడు చూశాను రాముణ్ని? భద్రాచలంలో విగ్రహాన్ని చూశాను, అక్కడ గుడి కట్టించిన గోపన్న కథ విన్నాను, పోతన్న చూశాడని చదివాను, త్యాగరాజు చూశాడని పాటలో విన్నాను. నా భక్తి మొత్తం, చూశామన్నవాళ్ల మీద నాకున్న నమ్మకం. వాళ్ల కంఠంలో ఆ వణుకు అబద్ధం కాదన్న నమ్మకం. బావ కూడా సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. చూసినవాడి వెనక. నమ్మేవాడికీ నమ్మనివాడికీ ఆ పందిరి కింద దూరం మేమిద్దరం అనుకున్నంత ఉండదు.

మన ఆలంకారికులు ఈ సంగతిని ఎప్పుడో పట్టుకున్నారు. నాటకంలో శకుంతల దుఃఖం చూసి నాకు కన్నీరొస్తే ఆ దుఃఖం ఎవరిది? నాది కాదు, నటిది కాదు, ఎప్పుడో బతికిన శకుంతల ఒక్కదానిదీ కాదు. ‘నాది, పరాయిది’ అనే గిరి చెరిగిపోయినప్పుడే అది రసమవుతుందని భట్టనాయకుడు సాధారణీకరణం అనే మాటతో చెప్పాడు. కాశ్మీరంలో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ రసానికి అడ్డొచ్చే విఘ్నాలు ఏడు అని లెక్కపెట్టాడు. అందులో నాకు గుచ్చుకున్నది ఒకటుంది: చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో కూరుకుపోయి ఉండడం. ఏ మతం వాడు, ఏ దేవుణ్ని కొలుస్తాడు అన్నది ఆ ఏడింటిలో లేదు. తనను తాను పక్కన పెట్టలేకపోవడం ఉంది. గుళ్లో సన్నాయి పక్కనుంచి కబుర్లతో వెళ్లిపోయినవాళ్లకు అడ్డొచ్చింది ఇదే అనుకుంటాను. పందిట్లో బావకు ఇది అడ్డు రాలేదు.

ఇక్కడ రుచి సంగతి చెప్పాలి. మేమిద్దరం భక్తి దగ్గర ఎంత దగ్గరగా వచ్చినా రుచి దగ్గర కలవలేదు. బావది బాలమురళి పక్షం. నాది శ్రీపాద పినాకపాణిగారి బాట. తెలుగునాట సంగీతం వినేవాళ్లకు ఈ తగువు కొత్త కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు. గురుపరంపర లెక్కిస్తే నేరుగా త్యాగరాజు దాకా పోతుంది. ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ త్యాగరాజ ఉత్సవంలో కచేరీ చేస్తే, హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ పిల్లవాడి పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. పినాకపాణిగారు వృత్తికి డాక్టరు, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడు. తంజావూరు బాణీలోని గమకపు బరువును తెలుగుదేశానికి తెచ్చి, నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణగార్ల గొంతుల్లో పెట్టారు.

“బాలమురళి గొంతు ఎక్కడికైనా పోతుంది” అంటాడు బావ. “ఎక్కడికైనా పోవాలని ఎవరన్నారు, ఉండాల్సిన చోట ఉండాలి” అంటాను నేను. నాలుగే స్వరాలతో ఆయన చేసిన మహతి, లవంగి రాగాల దగ్గర ఈ తగువు ముదిరేది. వీణ ఎస్. బాలచందర్ వాటిని బహిరంగంగా తప్పుపట్టినప్పుడు దేశమంతా ఇదే వాదించుకుంది. ఖరహరప్రియను ఇంత పెద్ద రాగంగా మనకు నిలబెట్టింది త్యాగరాజు కీర్తనలే కదా, ఆయన చేస్తే సంప్రదాయమూ ఈయన చేస్తే అపచారమూనా అనేది బావ వాదన. బలమైన వాదనే. నా జవాబు ఇది: స్వరాలు ఏరుకున్నంతమాత్రాన రాగం కాదు. తరతరాల గాయకులు అందులో కాపురం ఉండి, ఎక్కడ నిలబడాలో ఎక్కడ జారాలో తేల్చాక అది రాగమవుతుంది. ఖరహరప్రియకు ఆ కాపురం జరిగింది. మహతి అందమైన స్వరాల వరస, రాగం కావడానికి ఇంకా చాలామంది అందులో బతకాలి. ఈ తీర్పు మీద నేను ఇవాళ్టికీ నిలబడి ఉన్నాను.

ఇలాంటి చోటే మర్యాదస్థులు మధ్యలో వచ్చి “ఎవరి రుచి వారిది” అంటారు. ఆ మాట నాకు సయించదు. అది మర్యాదలా వినిపిస్తుంది గానీ, నువ్వు విన్నది నాకు అక్కర్లేదని చెప్పడమే. భరతముని నాట్యశాస్త్రం ఇరవైయేడో అధ్యాయంలో రుచులు వేరని ఒప్పుకున్నాడు. పడుచువాళ్లకు శృంగారం, శూరులకు యుద్ధం, పెద్దవాళ్లకు ధర్మకథలు, పురాణాలు నచ్చుతాయని రాశాడు. అంతటితో చేతులు దులుపుకోలేదు. అదే అధ్యాయంలో ప్రదర్శన మీద తగువు వస్తే తీర్చడానికి ప్రాశ్నికులను పెట్టాడు. యజ్ఞం సంగతి వస్తే యజ్ఞం తెలిసినవాడు, ఛందస్సుకు ఛందస్సు తెలిసినవాడు, విలువిద్యకు విలుకాడు, శృంగారాభినయానికి వేశ్య, సంగీతానికి గాయకుడు. రుచులు వేరైనా తగువు తీర్చదగినదేనని ఆయన ఉద్దేశం. తగువు తీర్చదగినదైతే, ఇద్దరి చెవులకూ ఉమ్మడిగా ఏదో ఉందన్నమాట. పూర్తిగా నాదే అయిన రుచి గురించి వాదించడానికేముంటుంది?

బావతో వాదించడం వల్ల నేను బాలమురళిని మళ్లీ విన్నాను. నచ్చిందని చెప్పడం కాదు, ఫలానా చోట విను అని బావ పట్టుబట్టేవాడు. “సాహిత్యం విను. పదం ఎక్కడైనా విరిగిందేమో చూడు.” నిజమే, విరగదు. త్యాగరాజు తెలుగును తెలుగువాడు మాట్లాడినంత తేటగా ఆయన పాడతాడు. నా పక్షంలోని మహామహుల దగ్గర కూడా అన్నివేళలా ఆ తేటదనం దొరకదు. అదేవిధంగా నేదునూరిగారి ముఖారిలో గమకం ఎంత మెల్లగా విప్పుకుంటుందో వినమని నేను బావను గంటలకొద్దీ కూర్చోబెట్టాను. ఎవరూ పక్షం మారలేదు. కానీ ఇద్దరికీ చెవి పెరిగింది. ఇది ఓపిక మీద నడిచే పని. ఎదుటివాడు విన్నదాన్ని, అతను కూర్చున్న చోట కూర్చుని వినడానికి ఒప్పుకోవడం. అభినవగుప్తుడు విఘ్నమన్నది తొలగేది ఇలాగే.

అత్తయ్య వాదనలో నాకు కష్టంగా తోచేది ఒకటుంది. భక్తి ఉందా లేదా అని ఎవరు చూడాలి? ఈ దేశంలో ఆ పరీక్ష పెట్టినవాళ్ల చరిత్ర అంత మంచిది కాదు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి శిథిలమవుతుంటే తన సొమ్ముతో 1921లో పునాది వేయించి, 1925 నాటికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టిన మనిషి. ఆ సమాధి దగ్గర ఆడవాళ్లు పాడడానికి వీల్లేదని ఆమెకే అడ్డుచెప్పారు. అడ్డుచెప్పినవాళ్లు నాస్తికులు కారు, త్యాగరాజు భక్తులే. ఆమె ఆడవాళ్లతో వేరే బృందం కట్టి, గుడి వెనకవైపు పాడించి, చివరికి దారి తెరిపించింది.

మరొకటి మా నాన్న ఎప్పుడూ చెప్పేది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ గురించి. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ కోసం అరవదేశం వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి ఊళ్లో నాదస్వరం వాయిస్తూ అక్కడే 1999లో కన్నుమూశారు. 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. మా ప్రాంతాల సన్నాయి మేళాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాలవి. రామకల్యాణానికి వాళ్లు వాయిస్తే తలంబ్రాలు పోసిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. చినమౌలానాగారి పేరెత్తితే మా నాన్న డోలు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించేవారు. “ఆయన ఎవర్ని తలుచుకుని ఊదుతాడో మనకెందుకు? ఊదేటప్పుడు తను ఉండడు, అది చూడు” అనేవారు. చదువుకోని మా నాన్న భట్టనాయకుణ్ని చదవలేదు. అయినా ఆ మాటే చెప్పారు.

అత్తయ్య పక్షాన ఒక న్యాయం చెప్పి తీరాలి. త్యాగరాజు కచేరీ చేయలేదు. ఉంఛవృత్తి చేసుకుంటూ, ఇంట్లో తన రాముడి ముందు, శిష్యుల మధ్య పాడుకున్నాడు. వర్ణంతో మొదలుపెట్టి, కీర్తనలు పాడి, రాగం తానం పల్లవి చేసి, చివర చిన్న పాటలతో ముగించే ఈ కచేరీ పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరచినది. ప్రార్థన అయిపోగానే చప్పట్లు కొట్టడం మనం తెచ్చుకున్న అలవాటు. ఆ చప్పట్లు వినిపించినప్పుడల్లా అత్తయ్య ముఖం చిన్నబోయేది. నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. భరతుడు ప్రదర్శన సఫలమవడంలో రెండు రకాలు చెప్పాడు. ‘ఆహా’, ‘సాధు’ అంటూ లేచి నిలబడి, బట్టలూ ఉంగరాలూ విసిరి మెచ్చుకునేది మానుషం. సభ నిండా జనం ఉండి, ఒక్క చప్పుడూ, ఒక్క అలజడీ లేకుండా ఉండేది దైవికం. ఆ నవమి పందిట్లో సహానా ముగిశాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాస్తికుడూ కొట్టలేదు, భక్తులూ కొట్టలేదు.

బావతో నేను ఒప్పుకోని చోటు మాత్రం ఒకటి మిగిలింది. ముసలాయన కనిపించాడన్నాడు, సరే. కానీ ఆ ముసలాయన తన గురించి పాడుకోవడం లేదు, ఒకర్ని పిలుస్తున్నాడు. పిలిచేవాణ్ని మాత్రమే చూసి, పిలుపు ఎటు పోతోందో చూడకపోతే సగమే విన్నట్టని నాకు అనిపిస్తుంది. బావకు పాట ముగిస్తే ముగిసినట్టే. నాకు పాట ముగిశాక కూడా ఆ పిలుపు అందుకోవాల్సినవాడు మిగిలి ఉంటాడు. దీన్ని నేను రుజువు చేయలేను, చేయాలని కూడా లేదు. “సగం విన్నా ఏడ్చానుగా” అంటాడు బావ. “అందుకే మిగతా సగం వినమంటున్నాను” అంటాను.

ధన్యాసి కీర్తనలో త్యాగరాజు వేసిన ప్రశ్న శ్రోతకు కాదని నేను నమ్ముతున్నాను. ఆ పాటలోనూ ఆయన తన మనసునే పిలిచి చెప్పుకున్నాడు. జ్ఞానం పెరిగిన కొద్దీ గర్వం పెరిగే ప్రమాదం తెలిసిన మహావిద్వాంసుడు తనకు తాను పెట్టుకున్న పరీక్ష అది. దాన్ని తీసుకెళ్లి పందిరి గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్లకు పెట్టడం ఆయన పాటకు అన్యాయం. నమ్మకం లేనివాడు త్యాగరాజును వినగలడు. తన్ను తాను పక్కన పెట్టలేనివాడు, వాడు నమ్మేవాడైనా నమ్మనివాడైనా, వినలేడు. ఇది నా తీర్పు.

పుష్య బహుళ పంచమికి మీ ఊళ్లోనూ పంచరత్నాలు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. వెళ్లండి. పక్కన కూర్చున్నవాడికి దేవుడున్నాడా లేడా అని అడక్కండి. సెల్‌ఫోను కట్టేసి, చివరి మంగళం దాకా కూర్చోండి. బయటికి వచ్చాక మాత్రం అతన్ని వదలకండి. ఎవరు బాగా పాడారు, ఎక్కడ బాగుంది, ఎక్కడ తప్పింది అని నిలదీయండి. “ఎవరి రుచి వారిది” అని అతను తప్పించుకోబోతే ఒప్పుకోకండి.